క్రేను బరువెలా ఎత్తుతుంది?

బిందెడు నీళ్ళు చంకన పెట్టుకుని చెరువు నుంచి ఇంటికి నడిచొస్తాం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే? నాలుగడుగులు వెయ్యలేం. ముందుకు తూలిపోతాం. బరువు అంతే ఉంది. దూరం పెరిగింది.

క్రేను సంగతీ ఇంతే.

పోలవరం దగ్గర గోదావరి మీద వరద నీరు వదిలే గేట్ల కట్టడం ఉంది. దాన్ని స్పిల్‌వే అంటారు. 2020లో దానిపై వంతెనకు కాంక్రీటు దూలాలు పెట్టారు. ఒక్కో దూలం 23 మీటర్ల పొడవు, 62 టన్నుల బరువు. టన్ను అంటే 1000 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలైతే ఎనిమిది వందలు దాటతాయి! వాటిని ఎత్తి పెట్టడానికి 200 టన్నుల క్రేన్లు రెండు తెచ్చారు.

62 టన్నులకు అంత పెద్ద క్రేన్లెందుకు? 200 టన్నులన్నది బరువు క్రేనుకు బాగా దగ్గరున్నప్పటి లెక్క. క్రేను తన ఇనప చెయ్యి చాచేకొద్దీ ఎత్తగల బరువు తగ్గిపోతుంది. ముందుకు తూలకుండా వెనక బరువైన దిమ్మలు పెడతారు. లారీలా నడిచే క్రేనుకైతే పక్కలకు నాలుగు కాళ్ళుంటాయి. ఎత్తేముందు వాటిని చాపి నేలకు ఆనిస్తారు. మన డెల్టా నేల మెత్తన. ఒక్క కాలు దిగబడినా క్రేను ఒరిగిపోతుంది. అందుకే కాళ్ళ కింద మందపాటి దుంగలో, ఇనప పలకలో వేస్తారు.

ఎంత దూరాన ఎంత ఎత్తవచ్చో రాసిన పట్టిక డ్రైవరు దగ్గరుంటుంది. అది చదివాకే ఎత్తాలి. మీరు పనికెళ్ళిన చోట క్రేను ఉంటే, వేలాడే బరువు కిందకు పోకండి. మేస్త్రీ తొందరపెట్టినా సరే.

లెక్క చెయ్యండి: ఒక దూలం 62 టన్నులు. 3 దూలాలు ఎన్ని టన్నులు?