మగ్గం మోటారు పైన హంబకర్

ప్రశ్న: మా ఇంటి కింద మరమగ్గాలు. గిటార్ ప్లగ్ పెడితే చాలు, ఆంప్‌లో గుయ్యిమని మోత. హంబకర్ వేయించుకుందామనుకుంటున్నాను. పాతకాలపు రకమా, కొత్తదా?
– ఒక పాఠకుడు, భవాని పేట్, సోలాపూర్

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. మోటార్ల నుంచి ఆ మోతే, గిటార్ తీగల నాదాన్ని పట్టే మీ పికప్ తీగచుట్టలోకి దూరుతోంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడుగా హంబకర్ పికప్ తయారుచేశారు: పక్కపక్కనే రెండు చుట్టలు, ఒకదాని ధ్రువానికి రెండోది వ్యతిరేకం, కలిపిన తీరూ తిరగేసే. మోత రద్దవుతుంది, తీగ నాదం మాత్రం కూడుతుంది.

1957లో గిటార్లకెక్కిన ఆ తొలి పికప్‌లు ఏ రెండూ ఒకలా ఉండవు. చుట్లు కాస్త అటూ ఇటూ పడేవి. మీ పేటలో మోటార్ రివైండింగ్ చేసేవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఆల్నికో అయస్కాంతం, చుట్టల నిరోధం సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్‌లు, తేటైన గొంతు. 1960ల నడిమికి అన్నీ ఒక తీరుకొచ్చాయి. 1970ల మొదట్లో డిమార్జియో కంపెనీ తన సూపర్ డిస్టార్షన్ పికప్‌ను సిరామిక్ అయస్కాంతంతో, 13 కిలో ఓమ్‌లకు పైగా చుట్టి, ఆంప్‌ను గర్జింపజేసింది.

మోత ఆపడంలో పాతకూ కొత్తకూ పెద్ద తేడా లేదు. పాతదని లక్షలు పోయకండి. సినిమా పాటలకు ఆల్నికో, మెటల్‌కు సిరామిక్. ముందు ఎర్తింగ్ చూపించుకుని, గిటార్ లోపల రాగిరేకు అంటించండి. స్విచ్ వేసినప్పటి చిటపటను హంబకర్ ఆపదు.