శరీరమందలి వ్రాతను చదువు విధము

తలవ్రాతను చదువుట ఎవరి తరమని మన పెద్దలందురు. శరీరమందలి వ్రాతను చదువు మార్గమును మాత్రము శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. పంచాయతీ సభ్యులకు ఇది యేల యనవచ్చును. మన గిరిజన గ్రామములలో కానవచ్చు సికిల్ సెల్ అను రక్తవ్యాధికి మూలము ఆ వ్రాతలో ఒకే అక్షరము మారుటయే.

ఆ వ్రాత పేరు డి.ఎన్.ఏ. అది ఏ, టి, జి, సి అను నాలుగు అక్షరముల లంకెలతో కూర్చిన రెండు పేటల గొలుసు. ఏ కెదురుగా టి, జి కెదురుగా సి నిలుచును. కనుక ఒక పేటను ఆధారముగా గొని ఎంజైము రెండవ పేటను అల్లగలదు.

ఈ అల్లికను నడుమ నాపి అక్షరములను చదువు ఉపాయమును ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్, ఆయన సహచరులు 1977లో ప్రకటించిరి. మామూలు లంకెకు ముందొక కొక్కెము, వెనుక నొక కొక్కెము ఉండుననుకొందము. వారు వాడిన ప్రత్యేకపు లంకెకు వెనుక కొక్కెము లేదు. అది చేరినచో మరియొక లంకె తగులుకొనజాలదు. గొలుసు అచ్చటనే ఆగును.

నాలుగు గొట్టములలో చదువవలసిన పేటను, అల్లికకు మొదలుగా నొక చిన్న తునుకను, ఎంజైమును, మామూలు లంకెలను ఉంచుదురు. మొదటి గొట్టములో కొక్కెము లేని ఏ లంకెలను కొద్దిగా కలుపుదురు. ఎక్కువైనచో దాదాపు అన్ని గొలుసులును మొదటి ఏ వద్దనే ఆగిపోవును. కొద్దిగా నున్నచో కొన్ని మొదటి ఏ వద్ద, కొన్ని రెండవ దాని వద్ద, కొన్ని ఆ పైదాని వద్ద ఆగును. తక్కిన గొట్టములలో అట్లే టి, జి, సి లంకెలను కలుపుదురు.

పిమ్మట ఆ గొలుసులను జెల్ అను, పేరిన గంజివంటి పలుచని పొరలో నాలుగు వరుసలుగా నుంచి విద్యుత్తును ప్రసరింపజేయుదురు. పొట్టివి ముందునకు సాగును, పొడవైనవి వెనుకబడును. ఒక్క లంకె తేడాయు తెలియును. పొట్టిదానితో మొదలిడి, ఏది ఏ వరుసలో నున్నదో చూచుచు పోయినచో అక్షరములు క్రమముగా వెల్లడియగును. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకచోట జి, ఏ, జి అని యుండవలెను. సికిల్ సెల్ వ్యాధిలో ఆ నడిమి గీత ఏ వరుసలో గాక టి వరుసలో కనబడును.

సాంగరుకు 1980లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఇప్పుడు నాలుగు రంగుల లంకెలతో యంత్రమే ఈ పనిని ఒకే గొట్టములో చేయుచున్నది.

గ్రామములో తొలి పరీక్షకు ఇంత యంత్రము అక్కరలేదు. కొద్దిపాటి రక్తము చాలును. తల్లిదండ్రు లిరువురును మారిన అక్షరమును ఒక్కొక్క ప్రతిలో మోయువారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము నాలుగింట ఒక పాలు. ఇది శాపము కాదు, ఎవరి పాపమును కాదు. సభ్యులు తమ గ్రామస్థులను రక్తపరీక్షకు ప్రోత్సహించవలెనని, పరీక్షలో తేలినవారిని ఎవ్వరును చులకన చేయకుండ చూడవలెనని మా కోరిక.