పాత లేత్‌కు గార్డు పెట్టాల్సిందేనా?

ప్రశ్న: మా షాపులో పాత లేత్ మిషన్లు రెండున్నాయి. చక్‌కు గార్డు పెడితే పని సాగదని టర్నర్లు అంటున్నారు. పెట్టక తప్పదా? – పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: తప్పదండీ. గార్డు ఎత్తితే మోటారు ఆగిపోయేలా లిమిట్ స్విచ్ కూడా బిగించండి. స్విచ్ లేని గార్డు వారం తిరక్కుండానే మూలన పడుతుంది. చక్‌లో మరిచిపోయిన తాళం మిషన్ ఆన్ చేయగానే తూటాలా ఎగురుతుంది. స్ప్రింగు ఉన్న తాళం కొంటే చెయ్యి తీయగానే అదే బయటికొచ్చేస్తుంది.

అందరూ మరిచేది హెడ్‌స్టాక్ వెనక వైపు. అక్కడ బయటికి పొడుచుకొచ్చిన రాడ్డు వేగం పెరిగితే వంగి, చుట్టుపక్కల ఉన్నవాళ్లను కొడుతుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ లేత్ పేరెత్తి మరీ దీనికి కంచె ఉండాలంది. రాడ్డు మొత్తాన్నీ కప్పే గొట్టం, దానికి గట్టి స్టాండు పెట్టించండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకూడదు. నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు వేయించండి. ఎర్ర స్టాప్ బటన్ చేతికందాలి. తిరిగే మిషన్ దగ్గర గ్లౌజులు మాత్రం వద్దు. చిప్స్ కొక్కెంతో లాగాలి, అదీ మిషన్ ఆపాకే.