బంపరు మార్చవలెనా?

పటాన్‌చెరు నుండి ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తా వరకు సాగే 65వ జాతీయ రహదారిపై, కర్మాగారాలలో షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులు, లారీలు, ఆటోలు, కార్లు ఒకదానినొకటి ఒరుసుకొంటూ కదులుతుంటాయి. ఆ రద్దీలో కారు బంపరుకు దెబ్బ తగలడం వింత కాదు. దిగి చూస్తే ఒక సొట్ట, నాలుగు గీతలు. బాగుచేయిస్తే చాలునా, మార్చవలెనా? పెక్కుమంది పైరంగును చూసి తీర్పు చెప్పుతారు. అది సరికాదు.

పూర్వం అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు క్రోమియం పూత గల ఉక్కు బంపర్లుండేవి. వంగితే వంగినట్లు కనబడేవి. మేస్త్రీ సుత్తితో సరిచేసేవాడు. నేడు మనం బంపరని పిలిచేది నిజానికి పైతొడుగు మాత్రమే. అది సాధారణంగా పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్కు. అనేక కార్లలో దాని వెనుక దెబ్బను మింగే నురుగుదిమ్మ, ఆ వెనుక ఉక్కు లేదా అల్యూమినియం దూలం, దూలాన్ని చట్రానికి కలిపే పెట్టెల వంటి భాగాలు ఉంటాయి. ఈ పెట్టెలు తాము నలిగి చట్రాన్ని కాపాడుతాయి.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ప్లాస్టిక్కు లోపలికి నొక్కుకొనిపోయి మరల యథాస్థానానికి రాగలదు. ఉక్కు తన హద్దు దాటి వంగితే తిరిగి రాదు. కనుక పైతొడుగు చెక్కుచెదరక, లోపలి దూలం వంగి ఉండవచ్చును. తొడుగు చిరిగి, లోపల ఏమీ కాకపోవడమూ కలదు.

బంపరు శక్తి మితమైనది. అమెరికాలో 1973 నమూనా కార్ల ముందు బంపర్లు గంటకు 5 మైళ్ల తాకిడికి తట్టుకోవలెనని నియమం చేశారు. 1982లో దానిని 2.5 మైళ్లకు, అనగా సుమారు 4 కిలోమీటర్లకు, తగ్గించారు. అది మనిషి నడక వేగం! అంతకు మించిన వేగంతో తాకినదని అనుమానముంటే తొడుగు విప్పించి చూడవలసిందే.

విప్పక ముందే కొన్ని గుర్తులు దొరుకుతాయి. బానెట్టుకు, మడ్గార్డుకు నడుమ సందు రెండు వైపులా సమానంగా ఉన్నదా? దీపం పక్కకు జరిగినదా? కారు కింద రేడియేటర్ నీరు కారుతున్నదా? లారీ వెనుక తగిలితే మరింత జాగ్రత్త అవసరం. దాని వెనుక భాగం ఎత్తుగా ఉంటే బంపరును దాటి దెబ్బ నేరుగా బానెట్టుకే తగులుతుంది.

తొడుగు మీది గీతలకు, సొట్టలకు మరమ్మతు చాలును. చిన్న చీలికను ప్లాస్టిక్ వెల్డింగుతో అతికించవచ్చు. బిగింపు చెవులు పెక్కు విరిగితే మార్చుటే మేలు. లేనిచో తొడుగు గతుకులలో ఊగి ఊడవచ్చు. నలిగిన నురుగుదిమ్మను, పెట్టెలను మార్చవలెను. వంగిన దూలాన్ని కాల్చి సాగదీయడం కూడదు. అధిక దృఢత్వం గల ఉక్కు వేడికి బలం కోల్పోతుంది. వెనుక రాడార్ ఉన్నచోట తొడుగుపై మందంగా పుట్టీ, రంగు పట్టించరాదు. అవి దాని చూపును చెరచగలవు.

ఖర్చు మాట. సాధారణ సమగ్ర బీమాలో ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుదలగా కోస్తారు. అదనపు రుసుముతో తరుగుదల లేని పాలసీ తీసుకొన్నవారికి ఈ కోత లేదు. క్లెయిమ్ లేనందుకు లభించే రాయితీ 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. ఒక్క క్లెయిముతో అది పోవచ్చు. కేవలం తొడుగు మారిస్తే చాలిన సందర్భంలో, బీమా జోలికి పోక చేతి డబ్బుతో చేయించుకొనుటే తరచు చవక. దూలం దాకా పోయినచో లెక్క మారుతుంది. అందుచేత తొడుగు విప్పి చూచిన పిమ్మటనే క్లెయిమ్ సంగతి తేల్చుకోవడం ఉచితం. అయితే సమాచారమివ్వడంలో జాప్యం చేయరాదు. బీమా సంస్థ పరిశీలకుడు చూడకముందే పాత భాగాన్ని పారవేయరాదు.