అప్పగించుట, చదువుట

మూడవ తరగతిలో వాచకపాఠము జరుగుచున్నప్పుడు వసారాలో నిలిచి వినువారికి మిక్కిలి సంతోషము కలుగును. ఒకడు ముందు చెప్పును. నలువదిమంది ఏకకంఠముగా వెనుక చెప్పుదురు. నేనును పెక్కేండ్లు ఆ సంతోషమునే అనుభవించితిని. ఒకనాడు ఒక బాలుడు తడుముకొనక పాఠమంతయు చెప్పుచుండగా వాని పుస్తకము వంక చూచితిని. వాని వ్రేలు వేరొక పుటమీద నుండెను. వాడు రెండేండ్లుగా నా యెదుటనే కూర్చుండువాడు. వానికి చదువ రాదని నాకు తెలియదు. వానికి మాత్రము తెలియును. ఆ భయముచేతనే వాడు పాఠములన్నియు కంఠస్థము చేయుచుండెను.

ఇది ఒక్క బడి సంగతి కాదు. గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచెడి ‘అసర్’ నివేదికను బట్టి, తెలంగాణమున మూడవ తరగతివారిలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 18.1, 2022లో 5.2. నడుమ కరోనావలన బడులు మూతపడిన మాట నిజమే. కాని అంతకుముందటి పదునెనిమిది మాత్రము గొప్ప సంఖ్యయా? 2022లో ప్రభుత్వము ‘తొలిమెట్టు’ను ఆరంభించెను.

తెలుగు లిపి కఠినమని కొందరందురు. నేనట్లు తలపను. ఆంగ్లమునందువలె ఒక్కొక్క మాటకు అక్షరక్రమమును బట్టీ పట్ట నక్కరలేదు. గుర్తులు తెలిసిన పిల్లవాడు ఎన్నడును చూడని మాటనైనను చదువగలడు. చిక్కంతయు మనము నేర్పు క్రమములోనే యున్నది. గుణింతమును పాటవలె పాడింతుము. పిదప ‘కొ’ ఒక్కదానిని చూపి ఇదేమని అడిగినచో పిల్లవాడు ‘క, కా, కి’ అని మొదటినుండి ఎక్కి రావలసియుండును. కావున పాట ముగిసిన తరువాత గుర్తులను చెదరగొట్టి అడుగవలయును. వత్తుల విషయమొకటి చెప్పెదను. చాలవరకు వత్తులు తలకట్టు తీసిన అక్షరములే. త, న, మ, య, ర, ల అను ఆరు మాత్రము వేరు రూపము దాల్చును. అమ్మ, అయ్య, అన్న, అత్త, పిల్ల, చంద్రుడు: ఇంటి పిలుపులలోనే ఈ ఆరును దాదాపుగా వచ్చుచున్నవి. ‘అమ్మ’ అను మాట మొదటి పుటలోనే యుండగా ఈ వత్తులను కడపట నేర్పుట ఏల?

పిల్లల తప్పులన్నియు ఒక్కటి కావు. మన టేకుమట్ల ప్రాంతమున ‘వేప’ అని యున్నచోట పిల్లవాడు ‘యాప’ యనును. వాడు అక్షరములను చదివియే తన యింటి పలుకుబడిలో చెప్పినాడు. అందుకు వానిని గద్దింపరాదు. ‘కుందేలు’ అని యున్నచోట ‘చెవులపిల్లి’ అనువాడు వేరు. వాడు బొమ్మను చూచినాడు, అక్షరములను చూడలేదు. మొదటివానికి పుస్తకపు మాటను మెల్లగా తెలుపవలయును. రెండవవానికి బొమ్మను చేతితో కప్పి, “మళ్ళీ చూడు బిడ్డా” అని ఓపికతో వేచియుండవలయును. తండాలనుండి వచ్చు పిల్లలకు కుందేలును తెలియకపోవచ్చును, చెవులపిల్లియు తెలియకపోవచ్చును. వారి ఇంటి మాట లంబాడీ. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) సవర పిల్లలకొరకు తాము మొదట సవర నేర్చుకొని, ఆ భాషలోనే వాచకములు వ్రాసిరి. మనము అంత చేయలేకున్నను, ఆ మాటను వారి భాషలో ఏమందురని పిల్లలనే అడిగి తెలిసికొనవచ్చును గదా.

ఇప్పుడు నేను చేయుచున్నది ఇది. దినమునకు ఐదుగురిని మాత్రమే నా బల్లయొద్దకు పిలుతును; ఎనిమిది దినములకు తరగతి యంతయు తిరిగి వచ్చును. తక్కినవారు అంతవరకు వ్రాసికొనుచుందురు. అట్టముక్కకు చిన్న కిటికీ కోసి, ఒక్క మాట మాత్రము కనబడునట్లు పుటపై నుంచి, నడిమి నుండి గాని కడ నుండి గాని చదివింతును. పాఠములోని మాటలతోనే పాఠములో లేని వాక్యమొకటి పలకపై వ్రాసి చూపుదును. పిమ్మట పుస్తకము మూయించి, ఎవరు, ఏమి చేసిరి, ఏల చేసిరి అని అడుగుదును. అక్షరములన్నియు సరిగా పలికి అర్థము చెప్పలేనివారును కలరు; వారిచేత అదే వాక్యమును మరల, మాటమాటగా కాక, మనిషితో మాటలాడినట్లు చదివింతును. తడబడినవానికి వెంటనే మాట అందింపను. ఈ మౌనమే నాకు అన్నిటికంటె కష్టమైన పని.

తల్లిదండ్రులకొక విన్నపము. తమకు చదువ రాదని వెనుదీయనక్కరలేదు. బస్సు పలకయో, పత్తివిత్తుల సంచియో, పెండ్లిపత్రికయో చేతికిచ్చి ఇందులో ఏమున్నదని పిల్లలను అడుగుడు. బట్టీ అక్కడ పనికిరాదు.

నేను చెప్పిన బాలునికి మొదటి వారము నా బల్లయొద్ద నోరు పెగలలేదు. వానిని పలువురి యెదుట చదివింపక, బడి విడిచిన తరువాత చదివించితిని. ‘త్త’ వద్దను ‘న్న’ వద్దను చాల కాలము ఆగెను. ఇప్పుడును మెల్లగానే చదువును. కాని వ్రేలు మాటక్రిందనే యుండును.

పద్యములకు మాత్రము ఏకకంఠమే బాగు. దానిని నేను మానలేదు.