గిడ్డంగిలో ప్రతి చోటుకు ఒక చిరునామా

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరొందినవి. ఆదోని మార్కెట్టునకు రైతులు తెచ్చు ప్రత్తి జిన్నింగు మిల్లులలో గింజ వేరుచేయబడి, సుమారు 170 కిలోల బేళ్ళుగా బిగింపబడును. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి కృషితో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘము ఆ ఊరి బట్టకు దూరప్రాంతములందు పేరు తెచ్చినది. బేలైనను, బట్టయైనను, అమ్ముడగు వరకు నిలువయుండునది గిడ్డంగిలోనే. అక్కడ లెక్క తప్పినచో నష్టము చివరకు సరకు గలవారిపై పడును.

ఈ లెక్కకు నేడు బార్‌కోడు చక్కని సాధనము. నల్లని గీతలలో ఇమిడియున్న సంఖ్యను స్కానరు చదివి కంప్యూటరునకు అందించును. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ పట్టణమున ఒక దుకాణములో చూయింగ్ గమ్ పొట్లముపై ఈ గీతలను తొలిసారి చదివిరి. నేడు భారత ప్రత్తి సంస్థ తన బేళ్ళకు క్యూఆర్ కోడు చీట్లు వేయుచున్నది.

అయితే స్కానరు కొన్నంత మాత్రమున లెక్క కుదరదు. బార్‌కోడు ఇది ఏ సరకో చెప్పును గాని, ఎక్కడ నున్నదో చెప్పజాలదు. ఇండ్లకు నంబరులు లేని వీధిలో తపాలా జవాను పడు ఇబ్బందియే గుమాస్తాయు పడును. కావున మొదట గిడ్డంగిని సిద్ధము చేయవలెను.

ముందుగా ఉన్న సరకునంతయు చేతితో లెక్కించి, రిజిస్టరుతో సరిచూడవలెను. తప్పు లెక్క కంప్యూటరులోనికి ఎక్కినచో తప్పుగనే నిలుచును. పిమ్మట వచ్చిన సరకు దింపు చోటు, పరీక్షించు చోటు, నిలువ చోటు, పంపు చోటు వేరువేరుగా నేలపై గీతలు గీసి గుర్తింపవలెను. నిలువ చోటును వరుసలుగా, గడులుగా విభజించి, ప్రతిదానికి పేరు పెట్టవలెను. ‘క-3-2’ యనగా క వరుసలో 3వ గడి, 2వ అర. ఆ పేరును, దాని బార్‌కోడును దారివైపు కంటి ఎత్తున అంటింపవలెను.

ప్రత్తి బేళ్ళ విషయమున మరొక చిక్కు గలదు. పెద్ద దొంతరలో లోపలి బేళ్ళ చీట్లు స్కానరునకు అందవు. కావున ఒక లాటు ఒక దొంతరలోనే ఇముడునట్లు దొంతరలను చిన్నవిగా వేసి, నడుమ దారి విడువవలెను. అగ్నిప్రమాదము కలిగినపుడును ఆ దారి ఉపయోగపడును. పాత సరకు వెనుకబడిపోక ముందు వచ్చినది ముందే వెడలును. బేలు బేలునకు బరువు, నాణ్యత మారును గనుక ప్రతి బేలునకు వేరు సంఖ్య యుండవలెను. ఒకే రకపు దుప్పట్లకు ఒక సంఖ్య చాలును.

చీటీపై తెల్లని నేల, నల్లని గీతలు మేలు. ఎర్రని కాంతితో చదువు స్కానరునకు ఎర్ర గీతలు కనబడవు. గీతలకు ఇరువైపుల తెల్లని అంచు విడువవలెను. మడతపై చీటీ అంటింపరాదు. ప్రత్తి నూగును తరచు తుడువవలెను. రేకుల కప్పు క్రింద వైర్‌లెస్ సంకేతము అందని మూలలుండవచ్చును; అన్ని గడులకును నడచి ముందే పరీక్షింపవలెను.

ఇన్ని చేసినను ఒక నియమము తప్పినచో ఫలితము సున్న. సరకు కదలినప్పుడెల్ల సరకు చీటీని, చేరిన చోటి చీటీని రెంటిని చదివింపవలెను. హమాలీలకు ఈ నియమము బోధించి, సరకు దింపు తొందరలో కూడ దానికి వ్యవధి నీయవలెను. దినమున కొక వరుస చొప్పున లెక్క సరిచూచినచో సంవత్సరాంతమున గిడ్డంగి మూయవలసిన పని తగ్గును.

2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగుల రశీదులపై బ్యాంకులు రుణము లిచ్చుచున్నవి. రశీదులో నున్న బస్తా గిడ్డంగిలో కనబడినప్పుడే ఆ కాగితమునకు విలువ. తేమను, తూకమును స్కానరు చూడజాలదు. అవి మనుష్యులే చూడవలెను. మన సహకార సంఘములు యంత్రము కొనుటకు ముందు సున్నమును, కొలత టేపును చేతబట్టి గిడ్డంగి నేలను కొలిచి గీతలు గీయుట మంచిదని మా సూచన.