బోకుమ్ పోతున్న పిల్లగానికి

మా లైన్ల ఉండే పిల్లగాడు జర్మనీల బోకుమ్‌కు మాస్టర్స్ చదువుతానికి పోతుండు. మా బిడ్డ ఆ దిక్కే చదివింది. బొగ్గు బాయిల ఓవర్‌మెన్‌గ రిటైరైనంక నేనూ ఆమె దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన. అందుకే వాళ్లమ్మ వాన్ని నా దగ్గరికి తోలింది. వానికి చెప్పినయే ఇక్కడ రాస్తున్న.

1. కన్సల్టెన్సీ వాళ్ల మాట విను గానీ, యూనివర్సిటీ సంగతి నువ్వే అర్సుకో. అమెరికాల 2011ల ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లలు ఎందరో ఆగమైన్రు. అక్కడి ఇమ్మిగ్రేషనోళ్లే ఫార్మింగ్టన్ అని ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి వల వేస్తే, 2019ల అండ్ల చిక్కింది గూడ ఎక్కువ మనోళ్లే. జర్మనీకి 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన్రు, మన మెమోలు అసలువో కావో ముందే చూస్తరు. ఆలస్యమైతదని తిట్టుకునేటోళ్లున్నరు. నాకైతే మంచిదే అనిపించింది.

2. ఏడాది ఖర్సుకని బ్లాక్డ్ అకౌంట్ల 11,904 యూరోలు వేసినవ్ గద, నెలకు చేతికొచ్చేది 992. కిరాయి, ఇన్సూరెన్స్ పోంగ మిగిలింది కాయితం మీద రాసుకో. చదువుకుంట ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయనిస్తరు. ఆ పైసలు తిండికి ఆసరా అయితయి. వాటితోని బ్యాంకు అప్పు తీర్సుదామనుకున్న పిల్లలు క్లాసులకు పోవుడు బంద్ జేసిన్రు.

3. అక్కడ గ్రేడు 1 వస్తే ఫస్టు, 4 దాటితే ఫెయిలు. చాలా కోర్సులల్ల ఒక పరీక్ష మూడుసార్లే రాయనిస్తరు, మూడోసారి తప్పితే కోర్సే పోతది. బీటెక్‌ల బ్యాక్‌లాగులు ఆఖరికి గట్టెక్కించినట్టు అక్కడ నడువది.

4. ఇది జర పెద్ద ముచ్చట. మా కాలంల బదిలీ ఫిల్లర్‌గ, అంటే ఇంకొకరి బదులు బొగ్గు నింపేటోనిగ, చేరినోడు షిఫ్టు షిఫ్టుకు వచ్చి నిలబడేటోడు. పర్మినెంటోడు నాగా పెడితేనే వానికి మస్టర్, అంటే ఆ పూట హాజరు. ఏడాదిల బాయిల దిగి 190 మస్టర్లు నింపినంకనే పర్మినెంట్ మాట. అందాక సర్దారును, పక్క ఫిల్లర్‌ను అడిగి అడిగి నేర్సుకునుడే. మొదటి ఏడు నువ్వూ అక్కడ బదిలీవే. మంథని జేఎన్‌టీయూల నువ్వు టాపర్‌వని అక్కడెవరికీ తెల్వది, తెలిసేదాక ఊకోరాదు. ప్రొఫెసర్ కలిసే టైమెప్పుడో చూసుకొని పోయి అర్థంకానిది అడుగు. సర్ సర్ అనుకుంట తలూపితే అర్థమైందనుకుంటరు. పాఠాలు ఇంగ్లిష్‌ల ఉన్నా ఇంటి ఓనరు, డాక్టరు, టౌన్ ఆఫీసు క్లర్కు జర్మన్‌ల మాట్లాడుతరు. ఇంట్ల దిగిన రెండు వారాలల్ల ఆ ఆఫీసుల అడ్రసు ఎక్కించాలె, లేకుంటే తతిమ్మా పనులన్నీ ఆగుతయి. విమానం ఎక్కేలోపు ఏ2 లెవల్ దాక జర్మన్ నేర్సుకో.

5. నలుగురు తెలుగోళ్లు ఒక్క ఇంట్ల ఉంటే కిరాయి, వంట కలిసొస్తయి. ఉండు, తప్పేం గాదు. అయితే ఆ నలుగురితోనే రెండేండ్లు గడపకు. మన గోదావరిఖని ఎవరి సొంతూరు? గోరఖ్‌పూర్ నుంచి, ఒడిశా నుంచి, కోస్తా నుంచి, కరీంనగర్ పల్లెల నుంచి బతుకొచ్చినోళ్లతోని నిండింది. బోకుమ్ గూడ అసొంటిదే. ఆ బొగ్గు బాయిలకు ముందు పోలండోళ్లు, 1961ల టర్కీతోని ఒప్పందమైనంక ఆ దేశపోళ్లు వచ్చిన్రు. బాయిలు మూతపడే కాలంలనే, 1965ల, అక్కడ యూనివర్సిటీ తెరిచిన్రు. ఊర్ల ఆఖరి బాయి 1973ల, పక్కన బొత్రోప్‌ల దేశంల ఆఖరిది 2018 డిసెంబర్‌ల బంద్ అయినయి. బోకుమ్‌ల మైనింగ్ మ్యూజియం ఉంది, తప్పక చూడు. మా బిడ్డ తోలుకపోతే నేను దినమంతా అండ్లనే ఉన్న. తర్వాత ఆమె క్లాసు దోస్తులకు మన బాయి ముచ్చట్లు చెప్తే, వాళ్లల్ల ఒకరి తాత గూడ బొగ్గు పనోడేనట. ఆ దోస్తుదనం ఇప్పటికీ ఉంది.

6. డిసెంబర్‌ల నాలుగున్నరకే చీకటి పడతది. గుబులైతే యూనివర్సిటీల కౌన్సెలింగ్ ఉంటది, పైసలు తీసుకోరు. సిగ్గుపడకు.

7. ఏమన్నయితే బాయిల పనిచేసే మీ నాయిన మెడికల్ అన్‌ఫిట్ అయి తన జాగల నీకు డిపెండెంట్ ఉద్యోగం ఇప్పిస్తడని ఇంట్ల అనుకుంటున్నరని నాకు తెలుసు. వాపసు వచ్చి బాయిల చేరినోన్ని నలుగురు ఎగతాళి జేసుడు చూసిన, నాకు నచ్చలె. కాని ఆ ఉద్యోగం మీ చెల్లెకు గూడ రావొచ్చు. నీకు ఒద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, ఆమె దారి ఆమె చూసుకుంటది.

8. ఫోన్. మీ నాయినకు సెకండ్ షిఫ్ట్ ఉన్న వారం పదకొండు దాటినంకనే ఇంటికొస్తడు. అప్పటికి నీకు చలికాలమైతే ఆరున్నర, ఎండకాలమైతే ఏడున్నర. బాయిల ఉన్నంతసేపు ఫోన్ కలవది. కలవలేదని మీ అమ్మకు పదిసార్లు చేసి ఆమెను గాబరా పెట్టకు.